ఎడమవైపు షాఫ్టు

మిట్ట మీది సబ్బుల ఫ్యాక్టరీకి వెళ్ళే దారిలో, రెండో మలుపు దగ్గర, బస్సు కడుపులో ఎక్కడో టప్పున చప్పుడైంది. పెద్ద చప్పుడేమీ కాదు, ఎండుకొమ్మ విరిచినట్టు. ఆ వెంటనే ఇంజను నెత్తిన మూట దించుకున్న మనిషిలా తేలిగ్గా అరవడం మొదలుపెట్టింది. డ్రైవరు యాక్సిలరేటరు ఇంకాస్త నొక్కాడు. అరుపు పెరిగింది. బస్సు మాత్రం ముందుకి పోలేదు. మెల్లగా వెనక్కి జారింది.

"మళ్ళీనా!" అంది మొదటి సీట్లో కూర్చున్న పెద్దక్క.

డ్రైవరు బ్రేకు తొక్కి పట్టాడు. చెయ్యి దానంతటదే హ్యాండ్ బ్రేకు లాగింది గానీ దానివల్ల లాభం లేదని అతనికి తెలుసు. ఆ పాత బస్సులో హ్యాండ్ బ్రేకు పట్టుకునేది చక్రాలను కాదు, ఇంజను నుంచి వెనక్కి తిరుగుతూ పోయే పొడుగాటి కడ్డీని. ఆ కడ్డీ తిప్పుడుని చక్రానికి అందించేది యాక్సిల్ షాఫ్టు. అది తెగిపోయాక ఇంజను బలమూ చక్రానికి అందదు, హ్యాండ్ బ్రేకు పట్టూ అందదు. నలభై రెండు మంది మనుషులున్న బస్సుని ఇప్పుడు వాలు మీద నిలబెట్టి ఉంచింది అతని కుడికాలు ఒక్కటే.

"కంగారు లేదు. ఒక్కొక్కరే దిగండి. దిగినవాళ్ళు దిగినట్టు వెనక చక్రాలకి రాళ్ళు పెట్టండి" అన్నాడు, అద్దంలోంచి వెనక్కి చూస్తూ.

అంతా ఆడవాళ్ళే. ఇది మూడోసారి కాబట్టి ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. టిఫిన్ డబ్బాలు సీట్ల మీదే వదిలి దిగారు. దారి పక్క నుంచి ఇద్దరిద్దరు కలిసి రాళ్ళు దొర్లించుకొచ్చారు. "నీ రాయి చిన్నది, నాది పెట్టనీ" అని ఒకామె, "పోయినసారి ఆపింది నా రాయే" అని ఇంకొకామె. పెద్దక్క నడుం మీద చేతులు పెట్టుకుని, వంగి చూసి, "ఆ, ఇక కాలు తియ్యి" అంది.

అతను కాలు తీశాడు. బస్సు అరంగుళం జారి, రాళ్ళకి ఆనుకుని ఆగింది. అతను దిగి, ఆ రాళ్ళని తనూ ఒక్కొక్కటే తన్ని చూశాడు.

అతన్ని అందరూ 'నిదానం' అని పిలుస్తారు. అసలు పేరు జీతాల చీటీ మీద తప్ప ఇంకెక్కడా వినిపించదు. ఇరవై రెండేళ్ళుగా ఆ బస్సు నడుపుతున్నాడు. గతుకు కనిపిస్తే దాన్ని బతిమాలుకుని దాటుతున్నట్టు దాటతాడు. సైకిళ్ళ మీద వెళ్ళే పాలవాళ్ళు కూడా అతన్ని దాటుకుని పోతూ చెయ్యి ఊపుతారు. అలాంటివాడి బస్సులో ఎనిమిది నెలల్లో మూడు షాఫ్టులు విరిగాయి.

*

మధ్యాహ్నానికి లారీకి కట్టి బస్సుని ఫ్యాక్టరీ షెడ్డులోకి లాక్కొచ్చారు. మేస్త్రి ఎడమవైపు వెనక చక్రం ముందు గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. చక్రం మధ్యలో పళ్ళెంలా ఉండే మూత బోల్టులు ఒక్కొక్కటే విప్పాడు. ఆ పళ్ళెమే షాఫ్టు తల. బయటికి లాగితే తలతో పాటు జానెడు కడ్డీ మాత్రమే వచ్చింది. మిగతాది లోపలే ఉండిపోయింది. దాన్ని తీగ ఉచ్చు వేసి, తడుముతూ, ఓపిగ్గా బయటికి తీశాడు. మణికట్టంత లావున్న ఉక్కు కడ్డీ. రెండు ముక్కలు.

షెడ్డు మేనేజరు రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చాడు. "ఏమంటావు మేస్త్రీ?"

మేస్త్రి విరిగిన కొసని వెలుతురు వైపు తిప్పాడు. చెయ్యి చాపి దూరంగా పట్టుకున్నాడు. మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నాడు. డ్రైవరు వైపు చూడకుండా అన్నాడు:

"ఏముంది సార్. నిండు బస్సు, ఎత్తు దారి. క్లచ్చి ఒక్కసారిగా వదిలేసి ఉంటాడు. దెబ్బకి విరిగింది."

నిదానానికి ముందు నవ్వొచ్చింది, మేస్త్రి వేళాకోళం చేస్తున్నాడనుకుని. వాళ్ళిద్దరూ ఒకే ఏడు పనిలో చేరారు. ఒకే గ్లాసు టీ సగం సగం తాగిన రోజులున్నాయి. కానీ మేస్త్రి నవ్వలేదు. మేనేజరు రిజిస్టరు తెరిచి, 'డ్రైవరు తప్పిదం' అని రాసి, మేస్త్రి ముందు పెట్టాడు. మేస్త్రి సంతకం పెట్టాడు. సంతకం గీత దాటి కిందికి జారిపోయింది.

"నేను క్లచ్చి ఒక్కసారిగా వదిలానా?" అన్నాడు నిదానం. వేలు తనవైపే తిప్పుకున్నాడు. "నేనా?"

"మూడోసారయ్యా" అన్నాడు మేనేజరు. అతను చెడ్డవాడు కాడు, తొందర మనిషి అంతే. "ఇంకొక్కటి విరిగితే బస్సుని తుక్కులోకి తోసెయ్యమని పైనుంచి వచ్చేసింది. కొత్తది కొనే ఉద్దేశం వాళ్ళకి లేదు. కొత్త షాఫ్టు ఎల్లుండికి వస్తుంది. డ్రైవరుని మార్చి చూద్దాం. నువ్వు రేపట్నుంచి గేటు దగ్గరుండు."

మేనేజరు వెళ్ళాక మేస్త్రి చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. తుడిచిన చేతులనే మళ్ళీ తుడిచాడు.

"ఈ ముక్క నేను తీసుకెళ్ళనా?" అని అడిగాడు నిదానం.

"తీసుకెళ్ళు. తుక్కులో పడేదేగా" అన్నాడు మేస్త్రి, ఇంకా అతనివైపు చూడకుండానే.

*

మర్నాడు పొద్దున నిదానం తలకి ఒక సైజు పెద్దదైన టోపీ పెట్టుకుని, మెళ్ళో ఈల వేసుకుని, గేటు పక్కన నిలబడ్డాడు. బస్సు లేదు కాబట్టి ఆడవాళ్ళంతా నడిచి వచ్చారు. మూడు మైళ్ళ ఎత్తు దారి. ముందు గొంతులు వినిపించాయి, తర్వాత తలలు, తర్వాత చెమటతో మెరుస్తున్న మొహాలు.

"అయ్యో, ఇదేం వేషం?" అంది ముందు నడుస్తున్న పెద్దక్క. ఆమె ప్యాకింగులో పెద్ద. ఇరవై ఆరేళ్ళుగా సబ్బులకి కాగితాలు చుట్టిన వేళ్ళు, ఖాళీగా ఉన్నా ఏదో ఒకటి మడుస్తూనే ఉంటాయి.

"గేటు తీసే ఉద్యోగం."

"గేటు కూడా నిదానంగానే తీస్తావా? అయితే మా హాజరు పట్టీ మూసేస్తారు!"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. కానీ చివర్లో వచ్చిన ఒక పెద్దావిడ మోకాళ్ళు పట్టుకుని గేటు దిమ్మ మీద కూలబడేసరికి నవ్వు ఆగిపోయింది. అతను తన నీళ్ళ సీసా ఆమెకిచ్చాడు. ఆమె సగం తాగి, మిగతా సగం తలమీద పోసుకుని, "బస్సు ఎప్పుడొస్తుంది నాయనా?" అంది.

"వస్తుంది" అన్నాడు.

"నువ్వే తెస్తావా?"

అతను ఈల సర్దుకున్నాడు.

పెద్దక్క వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి అంది. "నువ్వు క్లచ్చి కొట్టావని రాశారట. ఇరవై రెండేళ్ళుగా నీ బస్సులో నిద్రపోతున్నాం. కుదుపుకి ఒక్కనాడు మెలకువ రాలేదు. కావాలంటే నలభై రెండు మందిమీ వచ్చి చెప్తాం."

"మీ మాట రిజిస్టరులో ఎక్కదక్కా. ఇనుము మాటే ఎక్కుతుంది."

ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలియలేదు. కానీ రోజంతా అది బుర్రలో తిరుగుతూనే ఉంది. లారీ వస్తే గేటు తీశాడు, లారీ పోతే గేటు వేశాడు. ఇనుము ఏమంటుంది? ఎవరైనా దాన్ని అడిగారా?

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మరదలు వచ్చి ఉంది. భార్య చెల్లెలు, టౌనులో ఒక వర్క్‌షాపులో ఇనుము చెక్కే లేతు యంత్రం మీద పని చేస్తుంది. జుట్టులో ఎప్పుడూ ఒకటో రెండో ఇనుప రజను మెరుపులు ఉంటాయి. రాగానే బావని ఏడిపించడం ఆమెకి అలవాటు.

"బావా, నిన్న రాత్రి నువ్వు ఏదో కడ్డీని గుడ్డలో చుట్టి పక్కలో పెట్టుకుని పడుకున్నావట. అక్క కుళ్ళుకుంటోంది."

"పక్కలో కాదే, మంచం కింద" అంది అక్క వంటింట్లోంచి. "అర్ధగంటకోసారి చెయ్యి కిందికి పెట్టి, ఉందా లేదా అని చూసుకోవడం. నన్ను ఏనాడైనా అలా చూసుకున్నారా?"

"నువ్వు విరగలేదుగా" అన్నాడు నిదానం.

"ఇన్నేళ్ళు మీతో కాపురం చేసి ఇంకా విరగలేదంటే నాదే అసలైన ఉక్కు" అని ఆవిడ గిన్నె మీద గరిట కొట్టింది.

మరదలు గుడ్డ విప్పింది. విరిగిన కొసని చూసింది. నవ్వు ఆపేసింది. లేచి వీధి గుమ్మం దగ్గరికి వెళ్ళి, పొద్దు వాలే వెలుతురులో ముక్కని ఏటవాలుగా పట్టుకుంది.

"దీన్ని నిన్న విరిచావా నువ్వు?"

"నేను విరవలేదు."

"అదే అంటున్నాను. ఇది నిన్న విరిగింది కాదు. ఇటు రా."

ఆమె గోరుతో చూపించింది. కడ్డీ అంచున ఒకచోట మొదలై, ఆల్చిప్ప మీద ఉండే గీతల్లా, ఒకదాని తర్వాత ఒకటి వంపు తిరిగిన చారలు లోపలికి పాకాయి. ఆ మేర అంతా నల్లగా, నున్నగా ఉంది. అవతలి అంచున వేలెడంత చోటు మాత్రం పంచదార పలుకుల్లా గరుగ్గా, తెల్లగా మెరుస్తోంది.

"తెల్లగా ఉందే, అది నిన్న విరిగింది. ఈ నల్లది వారాల కిందటే పగిలింది. రోజూ కొంచెం కొంచెం లోపలికి పాకింది. రెండు పగుళ్ళ ముఖాలూ రాసుకుని రాసుకుని ఇలా నున్నబడ్డాయి. ఆఖరికి ఇంత ముక్క ఆధారంగా నీ బస్సు నడిచింది. నువ్వు కాక ఇంకెవరైనా నడిపితే ఎప్పుడో తెగేది."

నిదానం ఆ ముక్కని రెండు చేతులా పట్టుకున్నాడు. వీధిలో ఎవరో పిల్లలు అరుస్తూ పరిగెడుతున్నారు. అతనికి ఏమీ వినిపించలేదు.

"మరి ఎందుకు పగిలింది?"

"తీగని అటూ ఇటూ వంచితే తెగదూ? అలా. ఈ కడ్డీ పని తిరగడం. వంగడం కాదు. ఏదో దీన్ని తిరిగినప్పుడల్లా వంచుతోంది. మిగతా రెండూ ఏ వైపువి?"

"ఎడమవే. మూడూ ఎడమవే."

మరదలు అతన్ని ఎగాదిగా చూసింది. "ఆ మాట ఇప్పుడా చెప్పడం? అందుకే నిన్ను నిదానమన్నారు!"

వంటింట్లోంచి అక్క పగలబడి నవ్వింది.

*

బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళకి మరదలు పూటకి సెలవు పెట్టి ఫ్యాక్టరీకి వచ్చింది. నిదానం ఆమెని గేట్లోంచి లోపలికి తీసుకెళ్తూ, పొద్దుటి నుంచీ మనసులో పేర్చుకున్న మాటలు మరోసారి వల్లె వేసుకున్నాడు. 'ఇరవై రెండేళ్ళ స్నేహం. ఒక్కసారి సరిగ్గా చూడలేకపోయావా? నా ముందు నిలబడి అలా ఎలా సంతకం పెట్టగలిగావు?' మేనేజరు ఎదుటే అడగాలనుకున్నాడు. మేస్త్రి మొహం ఎలా మాడిపోతుందో కూడా ఊహించుకున్నాడు.

షెడ్డులో బస్సు వెనక చక్రాలు రెండూ నేలకి తగలకుండా దిమ్మల మీదికి ఎత్తి ఉంది. కొత్త షాఫ్టు పక్కన గ్రీజు కాగితంలో ఉంది. మేస్త్రి భోజనం ముగించి ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నాడు. వాళ్ళని చూసి, "టీ తాగుతారా?" అని ఇంకో రెండు గ్లాసులు తీశాడు.

అప్పుడు నిదానం చూశాడు. మేస్త్రి గ్లాసు అంచులోంచి చూపుడువేలు లోపలికి పెట్టి టీ పోస్తున్నాడు. వేడి వేలికి తగలగానే ఆపుతున్నాడు. మూడు గ్లాసులూ అలాగే.

మరదలు షాఫ్టు ముక్క అందించింది. మేస్త్రి దాన్ని మళ్ళీ వెలుతురు వైపు తిప్పాడు. దూరంగా పట్టుకున్నాడు. దగ్గరికి తెచ్చుకున్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి. నుదుటి మీద చెమట.

"ఏముందమ్మా. విరిగిన ఇనుము" అన్నాడు.

"అదేంటి మేస్త్రి గారూ, ఇంత స్పష్టంగా ఉంటే మీకు కన..."

నిదానం ఆమె కాలు తొక్కాడు. గట్టిగానే తొక్కాడు. ఆమె మాట మింగి, అతని మొహంలోకి చూసి, నోరు మూసుకుంది.

పొద్దుటి నుంచీ పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ ఇప్పుడు నిదానం దగ్గర లేదు. గీత దాటి జారిన సంతకం గుర్తొచ్చింది. రెండేళ్ళుగా మేస్త్రి స్పానర్ల మీద అంకె చూడకుండా చేత్తో తడిమి తీయడం గుర్తొచ్చింది. చెయ్యి తిరిగిన పనితనం అనుకుని తానే పదిమందికి గొప్పగా చెప్పాడు. అతను వెళ్ళి మేస్త్రి పక్కన గోనెపట్టా మీద కూర్చున్నాడు. మేస్త్రి కుడిచేతి బొటనవేలు పట్టుకుని, విరిగిన కొస మీద పెట్టాడు.

"ఇలా చూడు అన్నా" అన్నాడు.

బొటనవేలు కాసేపు కదల్లేదు. తర్వాత అంచు నుంచి మెల్లగా లోపలికి జరిగింది. ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు.

"నున్నగా ఉంది" అన్నాడు. "ఇక్కణ్ణుంచి... ఇక్కడిదాకా నున్నన. చిన్న చిన్న మెట్లు తగులుతున్నాయి. ఇదిగో, ఇక్కడ గరుకు. ఇంతే గరుకు." అతని గొంతు మారిపోయింది. "ఒరేయ్, ఇది దెబ్బకి విరిగింది కాదు. నెల రోజుల పైనే పగిలి ఉంది. నువ్వు దీని మీద మిట్ట ఎక్కావా రోజూ?"

"ఎక్కాను."

"కొత్త షాఫ్టు ఇలా తే. బోల్టులు బిగించొద్దు, ఊరికే లోపలికి తోసి పట్టుకో. అమ్మాయ్, నువ్వు చక్రం తిప్పు. నిదానంగా."

"ఆ పేరున్నవాడు ఇక్కడే ఉన్నాడుగా" అంది మరదలు చక్రం దగ్గరికి వెళ్తూ.

మేస్త్రి షాఫ్టు పళ్ళేనికీ చక్రానికీ మధ్య అంచు చుట్టూ వేళ్ళ కొసలు ఆనించాడు. చక్రం తిరిగింది. అతని పెదాలు లోపల ఏదో లెక్క పెట్టుకుంటున్నట్టు కదిలాయి. "కింద ఆనుకుంది. పైన సందు. అట్ట ముక్క పట్టేంత. తిప్పు. ఇంకా తిప్పు. సందు పైనే ఉంది. చక్రం తిరుగుతోంది, సందు తిరగట్లేదు!"

"అంటే?" అన్నాడు నిదానం.

"సందు చక్రంతో పాటు తిరిగితే షాఫ్టు వంకర. తిరక్కుండా ఒక్కచోటే నిలిచిందంటే షాఫ్టు మంచిదే, అది కూర్చునే గొట్టం వంకర. గొట్టం వంగి ఉంటే బోల్టులు బిగించాక షాఫ్టు వంగక చస్తుందా? తిరిగిన ప్రతి తిరుగుడికీ వంగుతుంది. పది షాఫ్టులు వెయ్యి, పదీ విరుగుతాయి." మేస్త్రి మోకాళ్ళ మీద లేచాడు. మొహం వెలిగిపోతోంది. "కుడివైపు చూద్దాం రండి, రండి!"

కుడివైపు చుట్టూ సందు లేదు. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మరదలు చప్పట్లు కొట్టింది. మేస్త్రి గ్రీజు చేత్తోనే నిదానం మెడ పట్టుకుని ఊపేశాడు.

మేనేజరు ఆ చప్పట్లకే వచ్చాడు. మేస్త్రి అతని చెయ్యి కూడా పట్టుకుని, వేళ్ళు సందులో పెట్టించి చూపించాడు. ఆ తొందర మనిషి మూడు తిరుగుళ్ళదాకా ఓపిక పట్టాడు.

"ఇంత బలమైన గొట్టం ఎలా వంగుతుంది?"

"తొమ్మిది నెలల కింద వానల్లో బస్సు మురుగుకాలవలో దిగబడింది. ఆ వారం వీడు సెలవులో ఉన్నాడు. నేను వచ్చేసరికే లోడరుతో ఎత్తించేశారు. గొలుసు ఎక్కడ కట్టారు సార్?"

"యాక్సిల్ గొట్టానికి."

"ఏ చివర?"

మేనేజరు దగ్గాడు. "ఎడమ... చివర."

"అక్కడ కట్టమని ఎవరు చెప్పారో?" అంది మరదలు ఎంతో అమాయకంగా.

మేనేజరు షెడ్డు పైకప్పు వంక కాసేపు చూశాడు. "తొందరలో ఉన్నానమ్మా" అన్నాడు. రిజిస్టరు తెప్పించి, 'డ్రైవరు తప్పిదం' అన్న మాటని తనే అడ్డంగా కొట్టేశాడు. ఒకటికి మూడు గీతలు గీసి కొట్టేశాడు. కొట్టేసి, ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తాడు.

"అది సరే మేస్త్రీ. మొన్న చూసినప్పుడు ఇదంతా నీకు కనపడలేదా? సంతకం కూడా పెట్టావు."

"షెడ్డులో వెలుతురు చాల్లేదు సార్" అన్నాడు నిదానం వెంటనే. "సాయంత్రం కూడా అయింది."

మేస్త్రి అతని వైపు తిరిగాడు. సోమవారం నుంచీ మొదటిసారి సూటిగా అతని వైపు చూశాడు.

"అది మిట్టమధ్యాహ్నం" అన్నాడు. "వెలుతురు సరిపోయింది సార్. నా కళ్ళే సరిపోలేదు. రెండేళ్ళయింది. అన్నీ మసక. మా నాన్నకి ఇలాగే మొదలై, ఆఖరికి పగలూ రాత్రీ ఒకటైపోయింది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ మాటే చెప్తాడని వెళ్ళలేదు. చెప్తే మీరు పన్లోంచి తీసేస్తారని చెప్పలేదు. మొన్న ఏమీ కనపడలేదు. కనపడలేదనడానికి నోరు రాక, వీడి మీద తోసేశాను. వీడి మీద!"

మేనేజరు ఏం చెయ్యాలో తోచక, తన కళ్ళజోడు తీసి మేస్త్రికి ఇచ్చాడు. "పెట్టుకుని చూడు."

మేస్త్రి పెట్టుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. "మీరు ఇద్దరు కనిపిస్తున్నారు సార్."

"ఒక్కరుంటేనే ఇంత తొందర" అంది మరదలు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

ముందు నవ్వింది మేనేజరే. నవ్వు ఆగాక కళ్ళజోడు తీసుకుంటూ, "రేపు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు. నిదానం, నువ్వు తోడు వెళ్ళు" అన్నాడు.

"మరి గేటు సార్?"

"గేటు ఎక్కడికీ పోదులేవయ్యా."

*

గురువారం బస్సు వెనక యాక్సిల్ గొట్టాన్ని విప్పి, మరదలి వర్క్‌షాపుకి పంపారు. అక్కడ ఇనుముని నొక్కే పెద్ద ప్రెస్సు కింద పెట్టి, వెంట్రుకవాసి చొప్పున సరిచేస్తారు. ఆ పని తన చేతి మీదే జరగాలని ఆమె ముందే పట్టుబట్టింది.

అదే వేళకి కంటి డాక్టరు గది బయట బల్ల మీద మేస్త్రి, నిదానం పక్కపక్కన కూర్చున్నారు. మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. గోళ్ళ సందుల్లో గ్రీజు మాత్రం పోలేదు. లోపలికి పిలిచేదాకా నిదానం మణికట్టు వదల్లేదు.

"నువ్వు కూడా రా. ఆయన చెప్పేది నాకు వినపడకపోవచ్చు."

"చెవులు బాగానే ఉన్నాయిగా అన్నా."

"ఈ ఒక్క మాటకి పనిచేయవు."

చూస్తే డాక్టరు కుర్ర అమ్మాయి. దీపం వేసి కళ్ళలోకి చాలాసేపు చూసింది. ఏదో కొలిచింది. ఎదురుగా గోడమీద అక్షరాలు చదవమంది. మేస్త్రి పై వరుస చదివాడు. రెండో వరుస దగ్గర ఆగి, "అక్కడేమైనా ఉందా?" అన్నాడు. ఆమె ఒకదాని తర్వాత ఒకటి అద్దాలు మార్చింది. ఐదో అద్దానికి మేస్త్రి కుర్చీలో ముందుకి వంగాడు. ఆఖరి వరుసలో, చీమల్లాంటి అక్షరాలు, ఒక్కొక్కటే గట్టిగా చదివాడు.

"మీ నాన్నగారి జబ్బు మీకు లేదండీ" అంది డాక్టరు. "మీకు కావలసింది కళ్ళజోడు. రెండేళ్ళ కిందటే కావలసింది."

"అంతేనా?"

"అంతే."

మేస్త్రి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నిదానం కంగారుగా వంగి చూశాడు. మేస్త్రి నవ్వుతున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారిపోతూ నవ్వుతున్నాడు.

"రెండేళ్ళురా! రెండేళ్ళు రాత్రుళ్ళు కళ్ళు మూసుకుని ఇంట్లో నడవడం నేర్చుకున్నాను. తలుపు ఎక్కడ, మంచం ఎక్కడ, అడుగులు లెక్కపెట్టి పెట్టుకున్నాను. మా ఆవిడ నాకు పిచ్చి పట్టిందనుకుంది." నవ్వు తగ్గాక, కాసేపటికి అన్నాడు. "నిన్ను గేటు దగ్గర నిలబెట్టాను."

"గేటు బాగానే ఉంది. ఈల కూడా ఇచ్చారు."

"తిట్టరా ఒకసారి. తిడితే నాకు బాగుంటుంది."

నిదానం ఆలోచించాడు. తిట్టు కోసం నిజంగానే వెతికాడు. "వేలు పెట్టి పోసిన టీ ఇన్నాళ్ళూ నాచేత తాగించావు" అన్నాడు చివరికి.

మేస్త్రికి మళ్ళీ నవ్వొచ్చింది.

*

శనివారం పొద్దున బస్సు ఎప్పటి చోట, ఎప్పటి వేళకి నిలబడింది. గొట్టం బిగించాక శుక్రవారం రాత్రి పొద్దుపోయేదాకా మేస్త్రి ఎడమవైపు సందు వెతికాడు. సిగరెట్టు కాగితం కూడా దూరలేదు. ఆ కాగితాన్ని మేనేజరుకి చూపించి మరీ ఇంటికెళ్ళాడట.

ఆడవాళ్ళు బస్సుని చూసి దూరం నుంచే గోల మొదలుపెట్టారు. గేటు దిమ్మ మీద కూలబడిన పెద్దావిడ ఎక్కుతూ నిదానం తల నిమిరింది. పెద్దక్క మెట్టు మీదే ఆగిపోయింది. మొదటి సీట్లో, కిటికీ పక్కన, కొత్త కళ్ళజోడు పెట్టుకుని మేస్త్రి కూర్చుని ఉన్నాడు.

"అది నా సీటు."

"ఇవాళ్టికి ఇవ్వు పెద్దమ్మా. బస్సు ఎలా నడుస్తుందో చూడమని మేనేజరు పంపాడు."

"పెద్దమ్మనా? నాకన్నా నాలుగేళ్ళు పెద్దవాడివి! కళ్ళజోడు మార్పించుకో!"

బస్సంతా నవ్వులతో ఊగింది. ఆ నవ్వుల్లోనే నిదానం గేరు వేశాడు. క్లచ్చిని ఎప్పట్లాగే, నిద్రపోయే పిల్ల చేతిలోంచి బొమ్మ తీసుకుంటున్నంత మెల్లగా వదిలాడు. బస్సు కదిలింది.

మొదటి మలుపు దాటింది. రెండో మలుపు దగ్గరకొచ్చేసరికి మాటలు సన్నగిల్లాయి. గేరు మార్చే చోటు రాగానే నలభై రెండు గొంతులూ ఆగిపోయాయి. ముందు సీటు కమ్మీని ఒకరు, పక్కామె చేతిని ఒకరు పట్టుకున్నారు. నిదానం రెండో గేరు తీశాడు. ఒకటో గేరు వేశాడు. ఇంజను మూలిగింది, బరువెత్తుకుంది, బస్సు మిట్ట ఎక్కింది. ఎక్కుతూనే ఉంది. వెనక నుంచి ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. అంతే, ఒక్కసారిగా అందరూ మాట్లాడసాగారు.

పైకి చేరుకుంటుండగా నిదానం పక్కకి తిరక్కుండానే అడిగాడు. "అన్నా, వెనక యాక్సిలు శబ్దం ఎలా ఉంది? ఏమైనా వినిపిస్తోందా?"

మేస్త్రి కిటికీలోంచి తల బయటికి పెట్టి ఉన్నాడు. కింద ఇళ్ళు, ఇళ్ళ మీద ఆరేసిన బట్టలు, ఒక మేడ మీద జుట్టు దువ్వుకుంటున్న ఎవరో అమ్మాయి. గాలికి చొక్కా ఎగురుతోంది. ఒక చేత్తో కళ్ళజోడు పడిపోకుండా పట్టుకున్నాడు.

"నిన్నే అన్నా. శబ్దం ఎలా ఉంది?"

"ఉండరా" అన్నాడు మేస్త్రి తల తిప్పకుండా. "వినడం తర్వాత. ముందు నన్ను చూడనీ."

నిదానం బస్సు వేగం ఇంకాస్త తగ్గించాడు.